కోటిలింగం గారి తడబాటు

పంతొమ్మిది రోజులుగా కోటిలింగం గారు చదువుతూ చదువుతూ ఒక్కచోట కూడా ఆగలేదు. ఇంకొకరైతే స్వీటు తెప్పించేవాళ్లు. హైమకి మాత్రం అనుమానం పట్టుకుంది.

ఆయన చదివేది పురాణమో పత్రికో కాదు, కంప్యూటరు ప్రోగ్రాములు. కంప్యూటరంటే ఆయనకి ఓనమాలు కూడా తెలియవు. విజయవాడలో ప్రెస్సులు వరసగా ఉండే సందులో ముప్పై నాలుగేళ్లు ప్రూఫ్ రీడరుగా పనిచేశారు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు అసలు ప్రతిని కామాలతో, చుక్కలతో సహా పైకి చదువుతారు, రెండోవారు అచ్చయిన కాగితం మీద వేలుపెట్టి చూసుకుంటూ పోతారు. ప్రెస్సు మూతపడ్డాక అదే సందులో, ఆ ప్రెస్సున్న మేడమీదే కూతురు హైమ వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న కొట్టు పెట్టింది. పెట్టిన మొదటి నెలలోనే తండ్రిని తీసుకొచ్చి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. తన కొట్టులో రాసిన ఏ ప్రోగ్రామైనా సరే, సైటుకి ఎక్కేముందు కాగితం మీద అచ్చయి, ఆయన నోట పైకి వినపడాల్సిందే.

గుర్తులన్నిటికీ ఆయన పేర్లు పెట్టుకున్నారు. వంకర బ్రాకెట్లు మీసాలు. "మీసం తెరిచాం, మీసం మూశాం" అంటారు. చుక్కా కామా కలిసొస్తే చుక్కకామా. డాలరు గుర్తు ఎస్సు మీద గీత. పైథాన్‌లో రాసినవి చదవాలంటే ఆయనకి చిరాకు. ఆ భాషలో వరస మొదట్లో వదిలే ఖాళీకి కూడా అర్థముంది. "ఖాళీని ఎట్లా చదవమంటావే అమ్మాయ్" అని విసుక్కుంటూనే "నాలుగు ఖాళీలు, ఎనిమిది ఖాళీలు" అని చదివేవారు.

అర్థం తెలియని మనిషి చదివితే ఏం లాభమని వచ్చినవాళ్లు నవ్వుకునేవాళ్లు. లాభం ఏమిటో హైమకి తెలుసు. అర్థం తెలియదు గనకే ఆయన అర్థం వెంట పరుగెత్తరు. పై వరసలో ఒకలా ఉన్నది కింద వరసలో ఇంకోలా ఉంటే ఆయన గొంతు దానంతట అదే తడబడుతుంది. తడబడినచోట నాలుగింట మూడుసార్లు తప్పు దొరికేది. ఆయనకింకో అలవాటు కూడా ఉంది. ఒక్క తప్పూ దొరకని కాగితం చేతికొస్తే వెంటనే సంతకం పెట్టరు. ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని మళ్లీ మొదటి వరస నుంచి మొదలుపెడతారు. ప్రెస్సు రోజుల్లో దీనికి యజమాని చేత ఎన్ని చీవాట్లు తిన్నారో లెక్కలేదు.

అలాంటి మనిషి పంతొమ్మిది రోజులుగా మళ్లీ మొదలుపెట్టడం కూడా మానేశారు. చదివేసి, సంతకం గీకేసి, కుర్చీలో వెనక్కి వాలిపోతున్నారు.

"నాన్న బల్ల మీది మైకు సరిగ్గా పనిచేస్తోందా కరీముల్లా?" అని అడిగింది హైమ.

"నిన్ననే చూశానక్కా. బాబాయ్ గారు దగ్గినా వినిపిస్తోంది" అన్నాడు కరీముల్లా తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

కరీముల్లా తొమ్మిదేళ్లుగా ఆమెతో పనిచేస్తున్నాడు. తెలివైనవాడు, మంచివాడు. ఒక్కటే జబ్బు. కొత్త ప్రోగ్రామింగు భాష కనిపిస్తే చాలు, కొత్తల్లుడొచ్చినట్టు మర్యాదలు మొదలుపెడతాడు. హైమ తనకి అలవాటైన పాత భాష పీహెచ్‌పీని వదలదు. అతనికి మూడు నెలలకోసారి మనసు మారుతుంది. ఏ పని ఏ భాషలో చేయాలి, ఏ పనిముట్లు వాడాలి అన్న దానిమీద వాళ్లిద్దరికీ జరిగిన పోట్లాటలు సందంతా వినిపించేవి. ఆ పోట్లాటలు పడలేకే అతను ‘ఒరవడి’ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. రెండేళ్లు పట్టింది.

పని చెబితే ఒరవడి దానికి తగిన భాషని, పనిముట్లని తనే ఎంచుకుంటుంది. ఒకే పనిని నాలుగైదు భాషల్లో రాసుకుని, చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూసుకుని, ఏది మేలైతే దాన్ని ఉంచుతుంది. నడుస్తున్న సైట్ల మీద కూడా ఇవాళ కొందరికి ఒకలా, రేపు ఇంకొందరికి ఇంకోలా మార్చి చూస్తుంది. అయితే ఏది మేలో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. వేగమా, సులువా, ఏదో ఒక కొలత ఇవ్వాలి.

"నాన్న తడబాటు లెక్కపెట్టుకోమను. ఆయన ఎంత తక్కువ తడబడితే అంత మంచి ఎంపిక" అంది హైమ ఆ రోజు.

ఆ మాట ఆమె నోటి నుంచే వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని కుమిలిపోయినా ఆ మాట కరీముల్లా మీదకి నెట్టడానికి వీల్లేకపోయింది. బల్ల మీద మైకు పెట్టారు. కోటిలింగం గారు ఆగినప్పుడల్లా, గొంతు సవరించుకున్నప్పుడల్లా ఒరవడి లెక్క రాసుకునేది. రోజుకి పదకొండు తడబాట్లు నాలుగయ్యాయి, నాలుగు ఒకటైంది, ఆ ఒకటీ పోయింది.

ఒరవడికి అప్పగించిన పనుల్లో పెద్దది ఒక కిడ్నీ ఆస్పత్రి సైటు. తొమ్మిది డయాలసిస్ మెషీన్లు, ఎనభైమంది రోగులు. రక్తపరీక్షలు, బరువు, పోయినసారి ఎప్పుడు చేశారు అన్నవి చూసి ఎవరి వంతు ఎప్పుడో సైటు లెక్కగట్టి ఫోనుకి మెసేజీ పంపుతుంది. అయిదేళ్ల కిందట దాన్ని హైమే మొదటిసారి పీహెచ్‌పీలో రాసింది. అప్పటికి తన తండ్రి కూడా ఆ ఎనభైమందిలో ఒకరవుతారని ఆమెకి తెలియదు. రెండేళ్లుగా ఆయనకి మూడు రోజులకొకసారి డయాలసిస్. మెసేజీ వస్తుంది, గుమ్మం ముందుకి ఆటో వస్తుంది, అయిదు గంటల్లో మనిషి తిరిగొస్తాడు. అందులో చూసుకోవాల్సింది ఏమీ లేదనే హైమ నమ్మకం. తను చేసిన సైటే కదా.

ఆ సైటుని తిరగరాయడానికి ఒరవడి ఎంచుకున్న భాష పేరు వాళ్లిద్దరూ అంతకుముందు వినలేదు. ఏ దేశంలోనో ఏ విద్యార్థులో సరదాకి చేసుకున్న చిన్న భాషట. వరసలు ఎంత సాఫీగా ఉన్నాయంటే, వంటింటి సామాన్ల చీటీ చదువుతున్నట్టు చదివేశారు కోటిలింగం గారు. ఆ రోజు ముగ్గురూ సంబరపడ్డారు.

ఇప్పుడు పంతొమ్మిది రోజులు.

హైమ అనుమానం ముందు కరీముల్లా మీదకి పోయింది. తన పనిముట్టుకి మంచిపేరు రావాలని లెక్కలు సర్దుతున్నాడేమోననుకుంది. అతను టీకి వెళ్లినప్పుడు మైకు రికార్డింగులు తీసి విన్నది. లెక్కలో మోసం లేదు. తండ్రి గొంతు నిజంగానే ఆగకుండా సాగుతోంది. కాకపోతే ఆ గొంతులో ఊపు లేదు. మీసం తెరిచినప్పుడు ఒకలా, మూసినప్పుడు ఒకలా పలికే అలవాటు ఎప్పుడు పోయిందో పోయింది.

తర్వాత అనుమానం తండ్రి మీదకి మళ్లింది. ఆయన పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదని మడమలు బయటపెట్టి నడుస్తున్నారు.

"నీళ్లెక్కువ తాగుతున్నావా నాన్నా?"

"లేదే. డాక్టరు చెప్పిన గ్లాసులే."

"మరి ఈ వాపేంటి? ఊరగాయ తింటున్నావు కదూ?"

"ఎండలకి అమ్మాయ్" అన్నారాయన ముఖం తిప్పుకుని.

నమ్మలేదు హైమ. గోంగూర జాడీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన మంచినీళ్ల సీసా మీద పెన్నుతో గీతలు గీసింది. సాయంత్రం చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. కుళాయి దగ్గర తాగుతున్నారేమోనని ఇంకో అనుమానం. ఒకరోజు కాస్త గట్టిగానే కేకలేసింది. ఆయన చిన్నపిల్లాడిలా తలవంచుకుని కూర్చున్నారు. ఆయన అలా తలవంచుకోవడం గుర్తొస్తే హైమకి ఇప్పటికీ అన్నం సహించదు.

బుధవారం నాడు ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఒరవడి లెక్కలో పడకుండా మైకు తీగ పీకేసి, తను స్వయంగా రాసిన ఒక పేజీలో కావాలని ఒక తప్పు పెట్టింది. ఎనిమిది వరసల్లో ఒకే పేరు వచ్చేచోట అయిదో వరసలో పేరు మార్చేసింది. ప్రెస్సులో పదేళ్ల అనుభవమున్న ఏ ప్రూఫ్ రీడరైనా నిద్రలో పట్టుకునే తప్పది. కోటిలింగం గారు కాగితం అందుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో వరస కూడా అదే గొంతుతో దాటేశారు.

హైమ కాగితం మీదకి వంగి అయిదో వరస మళ్లీ చూసుకుంది.

"నాన్నా, అంతా బానే ఉందా?"

"బానే ఉందమ్మా" అని సంతకం గీకారు. ఆ రెండు మాటలకే ఆయాసపడ్డారు.

గురువారం మధ్యాహ్నం ఆయన డయాలసిస్‌కి వెళ్లొచ్చారు. శుక్రవారం హైమ మళ్లీ మైకు పీకి, అలాంటి తప్పే ఇంకో పేజీలో పెట్టి ఇచ్చింది. అయిదో వరస దగ్గర ఆయన గొంతు టక్కున ఆగింది. "ఇదెవరే అమ్మాయ్, మధ్యలో కొత్తాయన దూరాడు?" అన్నారు నవ్వుతూ. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు.

అంటే కళ్లు పోలేదు, పని మరిచిపోలేదు. డయాలసిస్ అయిన మర్నాడు తప్పు పట్టుకోగలుగుతున్నారు, దానికి ముందు రోజుల్లో మాత్రం పట్టుకోలేకపోతున్నారు. ఒంట్లో చెడు పేరుకున్నకొద్దీ ఆగే ఓపిక లేక సాగిపోతున్నారన్నమాట. ఇంతవరకూ హైమకి బోధపడింది. మరి శుక్రవారం లాంటి రోజుల్లో కూడా ఒరవడి లెక్కలో తడబాటు ఎందుకు పడటంలేదు?

శని, ఆదివారాలు కూర్చుని పాత కాగితాలన్నీ తేదీలవారీగా పేర్చింది. ఓపికున్న రోజుల్లో తండ్రికి చదవడానికి వచ్చినవి అరపేజీ, పావుపేజీ. అవీ నున్నటివి. నలభై పేజీల పెద్ద పనులు, చిక్కుముళ్లున్నవన్నీ నీరసంగా ఉన్న రోజుల్లోనే వచ్చాయి. ఏ కాగితం ఏ రోజు చదవాలో నిర్ణయించేది ఒరవడి.

సోమవారం పొద్దున కరీముల్లా రాగానే తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది.

"ఒరవడి ఇన్నాళ్లూ చేసిన ప్రయోగాల జాబితా కావాలి. మొత్తం కావాలి."

"రెండొందల పైన ఉంటాయక్కా. భాషలు మార్చినవి, బొత్తాల రంగులు మార్చినవి..."

"చూస్తాను తియ్."

అతను నీళ్లు నమిలాడు. దాచడానికి కాదు, తను కూడా ఎప్పుడూ పూర్తిగా చూడలేదు గనక. ఫలితాలు బాగుంటే జాబితా ఎవరు చూస్తారు. ఇద్దరూ కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. నూట ఎనభయ్యోది దాటాక ఒకచోట హైమ వేలు ఆగింది.

‘పెద్ద పేజీలు, వంతుకి ముందు రోజు. తడబాటు తగ్గింది. కొనసాగించు.’

"వంతేంటి?" అంది హైమ.

కరీముల్లా ఆ వరసని మళ్లీ చదివాడు. "బాబాయ్ గారి డయాలసిస్ వంతక్కా. ఆస్పత్రి సైటు కూడా దాని చేతిలోదే కదా. చదివేది ఎవరో మన దగ్గర ఫోన్ నంబరుతో సహా ఉంది. అక్కడ కూడా అదే నంబరు."

ఆ కింద ఇంకొకటి.

‘వంతుల మధ్య దూరం, ఒక్క రోగికి, ఒక షిఫ్టు పెంపు. తడబాటు తగ్గింది. కొనసాగించు.’

దాని కింద అదే. దాని కిందా అదే. అలా ఆరుసార్లు. ఆస్పత్రిలో రోజుకి మూడు షిఫ్టులు. ఉదయానిది మధ్యాహ్నానికి, మధ్యాహ్నానిది సాయంత్రానికి, సాయంత్రానిది మర్నాటికి జరిపింది. రెండు నెలల్లో మూడు రోజులని అయిదు రోజులు చేసింది. ఒకేసారి చేస్తే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్లు. ఇది ఎవరికీ తెలియకుండా చేయాలనుకుని చేసిందో, దాని పద్ధతే అంతో, ఆ తర్వాత ఎంత ఆలోచించినా హైమ తేల్చుకోలేకపోయింది.

"ఎందుకిలా చేశావని అడుగు" అంది.

కరీముల్లా అడిగాడు. తెర మీద రెండు మాటలొచ్చాయి.

‘తడబాటు తగ్గింది.’

హైమ లేచి కొట్టు వెనక వాళ్లుండే గదిలోకి పరుగెత్తింది. కోటిలింగం గారు మంచం అంచున రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదట. పెదాలు నీలం తిరిగాయి. ఆయన వెనక గోడకి క్యాలెండరు వేలాడుతోంది. డయాలసిస్‌కి వెళ్లిన ప్రతి తేదీనీ ఆయన ఎర్ర పెన్సిలుతో చుట్టుకున్నారు. రెండు నెలల కిందటి నుంచి కొన్ని సున్నాల పక్కన చిన్న ప్రశ్నార్థకాలున్నాయి. ఇంత ఎర్రగా, ఇంత ఎదురుగా ఉన్న గుర్తులు రోజూ ఆ గదిలో తిరుగుతూ ఆమె చూడలేదు.

పాత లెక్క ప్రకారం నిన్న, అంటే ఆదివారం మధ్యాహ్నం, ఆయన వంతు. ఫోనులో మెసేజీ రేపు మధ్యాహ్నమని చెబుతోంది.

కరీముల్లాని కొట్టులోనే ఉండమని, ఆటోలో తండ్రిని ఆస్పత్రికి చేర్చింది. డయాలసిస్ గదిలో ఏళ్లుగా పనిచేస్తున్న రూతమ్మ సిస్టరు చూస్తూనే ఆక్సిజన్ పెట్టించింది. అయితే తొమ్మిది మెషీన్ల మీదా మనుషులున్నారు.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరిందమ్మా. ఆక్సిజన్‌తో ఎక్కువసేపు ఆగదు. మూడో మెషీను ఇప్పుడే ఖాళీ అవుతోంది గానీ, అది ఇంకొకరికి రాసి ఉంది. ఆమె కూడా బయట కూర్చుంది" అంది రూతమ్మ.

"సైటు తప్పు చెబుతోంది సిస్టర్. దాన్ని రాసిన మనిషిని, నేను చెబుతున్నా."

"నువ్వు చెబుతున్నావు, సరే. ఆవిడకీ కూతురుంది కదా. ఎవరిది ముందో నేను మొహాలు చూసి ఎట్లా చెప్పను? సైటులో మార్పించమ్మా, నిమిషంలో ఎక్కిస్తా."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది. మొహాలు చూసి వంతులివ్వకూడదనే కదా అయిదేళ్ల కిందట ఆ సైటు పెట్టించుకున్నది.

హైమ ఫోను చేసింది. "కరీముల్లా, వంతుల లెక్క ఉన్న పేజీ తెరిచి ఆ ఆరు మార్పులూ తీసెయ్."

అటువైపు కాసేపు కాగితాల చప్పుడు. "అక్కా, రెండుసార్లు చదివాను. ఎక్కడుందో దొరకట్లేదు. ప్రతి వరసా సరిగ్గానే ఉన్నట్టుంది. చదువుతుంటే జారిపోతోంది."

జారిపోదా మరి. తడబడటానికి చోటు లేకుండా ఏరి ఏరి ఎంచుకున్న భాష. హైమ తండ్రి వైపు చూసింది. ఆక్సిజన్ మాస్కు కింద ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"అది వదిలెయ్. పాతది పెట్టు" అంది.

"ఏ పాతది?"

"నేను రాసింది. పీహెచ్‌పీది. బీరువాలో పైఅరలో కాగితాలు కూడా ఉన్నాయి. ఒరవడి తీగ పీకేసి పాతది ఎక్కించు."

"అది బాగా నెమ్మదక్కా, కొన్ని పరీక్షల వివరాలు దానికి తెలియవు కూడా..."

"నాకు తెలుసు దానికేం తెలియదో. పెట్టు."

ఆ నెమ్మదైన, మోటైన ప్రోగ్రాములో హైమకి ప్రతి తప్పూ గుర్తుంది. ఎక్కడ ఎస్సు మీద గీత మరిచిపోయిందో, ఎక్కడ మీసం మూయకుండా వదిలేసిందో, తండ్రి ఎక్కడెక్కడ ఆగి ఎర్ర పెన్సిలు పెట్టారో అన్నీ ఆ కాగితాల మీద ఉన్నాయి. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ ఆమె తండ్రి వాచిన పాదాన్ని పట్టుకుని కూర్చుంది. బీరువాలో తాళం వేసిన గోంగూర జాడీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

రూతమ్మ బల్ల మీది తెర ఒకసారి ఖాళీ అయి మళ్లీ నిండింది. ఎనభై పేర్లలో అన్నిటికన్నా పైన కోటిలింగం గారి పేరుంది, పక్కన ‘ఒక రోజు ఆలస్యం’ అని ఉంది. బయట కూర్చున్నావిడకి సాయంత్రం చూపించింది. ఆవిడ లేచి నిలబడి తెర వంకా, మంచం వంకా చూసి, "ముందు ఆయన్ని ఎక్కించండమ్మా" అంది.

మెషీను తిరగడం మొదలైన రెండు గంటలకి ఆయన కళ్లు తెరిచారు. నీలం తిరిగిన పెదాలకి కాస్త రంగొచ్చింది.

"క్యాలెండరు మీద ఆ గుర్తులేంటి నాన్నా? నాతో ఒక్కమాట అనకూడదా?" అంది హైమ.

ఆయన మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పారు. "ప్రూఫ్‌లో అనుమానమొస్తే మనం దిద్దకూడదే. ప్రశ్న గుర్తు పెట్టి వదిలెయ్యాలి. రచయిత చూసి చెబుతాడు." కాస్త ఆగి, "ఆ సైటుకి రచయితవి నువ్వే కదా. చూస్తావులే అనుకున్నా" అన్నారు.

హైమ ఆయన మీది దుప్పటి సర్దింది.

"పైగా నువ్వు రాసింది. తప్పుండదనుకున్నానమ్మా. నేనే రోజులు లెక్కతప్పుతున్నానేమో అని..."

ముప్పై నాలుగేళ్లలో ఎంత పెద్ద రచయిత రాతనైనా ఒక్క వరస నమ్మని మనిషి, కూతురి పేరు చూసి నమ్మాడు. హైమ మంచం అంచు మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సూది లేని చేత్తో ఆయన ఆమె జుట్టు నిమిరారు.

ప్రాణం దక్కింది. కానీ గుండె బలహీనపడిందని, ఇక ఎక్కువ మాట్లాడకూడదని డాక్టరు చెప్పారు. నిజానికి చెప్పనక్కర్లేదు. నాలుగు వరసలు చదివితే ఆయనకి దమ్ము చాలడంలేదు. మీసం తెరిచిన గొంతు మూసేదాకా నిలవడం లేదు.

కరీముల్లా వారం రోజులు కొట్టుకి రాలేదు. వచ్చిన రోజు కోటిలింగం గారి కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు తలెత్తలేదు. ఆయన అతని భుజం తట్టి, "కాఫీ తాగావురా?" అని మాత్రం అడిగారు.

"కొలత ఒక్కటే తప్పక్కా. కొలత మార్చి ఇస్తే..." అన్నాడతను మరో నాలుగు రోజులకి.

"ఏది ఇస్తావు?"

అతను ఎదురుగా ఉన్న కాగితం మీద ఏదో రాసి కొట్టేశాడు.

"తీసేశావా దాన్ని?"

"తీసేశాను."

"మొత్తమా?"

"మొత్తం" అన్నాడు కరీముల్లా. అతను అబద్ధమాడే మనిషి కాదు. అయినా హైమ ప్రతి సోమవారం పొద్దున్నే కొట్టులోని కంప్యూటర్లన్నీ తెరిచి ఒకసారి వెతుకుతుంది. అతనికి తెలుసు. ఒక్కోసారి తనే వచ్చి పక్కన కూర్చుంటాడు.

ఆస్పత్రి సైటుని మళ్లీ కొత్తగా రాయక తప్పలేదు. పాతదానికి కొత్త పరీక్షల వివరాలు తెలియవు, ఎన్నాళ్లని దాంతో నెట్టుకొస్తారు. ఏ భాషలో రాయాలన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి పోట్లాట జరగలేదు. చిన్న లెక్క ఒకదాన్ని ఆరు భాషల్లో రాసి, అచ్చుతీసి, బల్ల మీద పరిచారు. హైమ వాటన్నిటినీ ఒక్కొక్కటే పైకి చదివింది. కరీముల్లా ఆమె ఆగినప్పుడల్లా కాగితం మీద గీత గీశాడు. ఎక్కువ గీతలు పడిన భాషని ఎంచుకున్నారు. అది కరీముల్లాకి నచ్చిన కొత్తదీ కాదు, హైమకి అలవాటైన పాతదీ కాదు. ప్రతి వరసలోనూ ఇది ఏ రకం విలువ, ఖాళీగా ఉంటే ఏం చేయాలి, తప్పొస్తే ఎటు పోవాలి అని నిలదీసి అడిగే భాష. దాంతో వేగడం కష్టం. అందుకే కావాలనుకున్నారు.

ఇప్పుడు కుర్చీలు మారాయి. పైకి చదివేది హైమ. ఎదురు కుర్చీలో దిళ్లకి ఆనుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని కోటిలింగం గారు వింటారు. అనుమానమొస్తే చూపుడువేలు ఎత్తుతారు. మొదటి రోజు ఆ వేలు తొమ్మిదిసార్లు లేచింది. రెండో రోజు పదమూడు. హైమకి ఆ రెండు రోజులూ కడుపు నిండా అన్నం తిన్నట్టుంది.

గోడమీది క్యాలెండరు కొట్టులోకే వచ్చింది. పొద్దున్నే చదువు మొదలుపెట్టేముందు హైమ ఎర్ర సున్నాల మధ్య ఖాళీలు వేలుపెట్టి లెక్కిస్తుంది. మూడు. మళ్లీ మూడు.

పదకొండో రోజు వంతుల లెక్క ఉన్న పేజీ పూర్తయింది. ఆరు పేజీలొచ్చింది. హైమ చదివింది. ఆరో పేజీ చివరి మీసం మూసి తలెత్తి చూసింది. తండ్రి వేలు ఒక్కసారి కూడా లేవలేదు. నిన్ననే డయాలసిస్ అయింది, కళ్లు తేటగా ఉన్నాయి, చెవులు బాగున్నాయి. కరీముల్లా వాళ్లిద్దరి వంకా చూస్తున్నాడు.

"బానే ఉందమ్మాయ్" అన్నారు కోటిలింగం గారు మెల్లగా. చెవి మీది ఎర్ర పెన్సిలు తీసుకున్నారు. "సంతకం పెట్టెయ్యనా?"

హైమ ఆయన చేతిలోంచి పెన్సిలు తీసుకుని మళ్లీ ఆయన చెవి మీదే పెట్టింది. ఆరు పేజీలూ సర్ది, మొదటిది పైకి తెచ్చుకుంది.

"ఇంకా లేదు నాన్నా" అని, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.